ఐరాల దారిలో ఉలవలు

జనవరి నెల, చివరి ఆదివారం. తెల్లవారి ఐదున్నర. చిత్తూరు, మా వీధి మొదట్లో. మంచు దట్టం. గాలి లేదు.

హాజరు: నేను, డ్రైవరన్న, నగరాయన. మొత్తం ముగ్గురం. రానివాళ్లు లేరు.

ఆ రోజు బయలుదేరే ముందు డైరీలో రాసుకున్నది ఇంతే. మిగిలింది సాయంత్రం రాయాలని కూర్చుని రాయలేకపోయాను. నలభై ఏళ్లకు పైగా డైరీ రాస్తున్నాను. జ్వరం వచ్చిన రోజు కూడా ఒక పంక్తి ఉంటుంది. ఆ పేజీ మాత్రం సగం ఖాళీగా ఉండిపోయింది. అక్కడ పట్టని సంగతి కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు మనుషుల గురించి చెబుతాను. నేను సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా గొలుసు పట్టించి పొలాలు కొలవడంతోనే గడిచింది. డ్రైవరన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా వీధిలోనే ఇల్లు. వదిన, బడికి పోయే మనవరాలు ఆ ఇంట్లోనే ఉంటారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు, అందులో ఎక్కువ కాలం పలమనేరు దారిలో, మొగిలి ఘాటు మీదుగా. ఘాటులో ఒక్కనాడు కూడా బండికి గీత పడనివ్వలేదన్న సంగతి ఆయన నోట రాదు. మేమే నలుగురికీ చెబుతుంటాం. నగరాయనది నగరిలో మరమగ్గాలు నడిపిన కుటుంబం. మగ్గాలు కొడుక్కి ఒప్పజెప్పి, చిత్తూరులో కూతురింటి పక్కన ఇల్లు తీసుకున్నాడు. జీవితమంతా మగ్గాల మోతలో గడిపిన మనిషి కావడంతో పక్కన నిలబడి మాట్లాడినా అవతలి వీధికి వినబడుతుంది. ఆయన సైకిలుకు గేర్లున్నాయి. మా ఇద్దరివీ మామూలు నల్ల సైకిళ్లు. మిట్ట వస్తే దిగి తోసుకుంటాం. అందులో మాకు నామోషీ లేదు.

ఆరేళ్లుగా ప్రతి ఆదివారం ఇలా బయలుదేరుతున్నాం. పెద్ద రోడ్డు మీద లారీల భయం, అందుకని లోపలి దారులు పడతాం. చిత్తూరు చుట్టూ అలాంటి దారులకు కొదవ లేదు. గుండ్రాళ్ల కొండలు, వాటి మధ్య చిన్న కనుమలు, కొండ దిగితే ఒక చెరువు, చెరువు కింద వరి, గట్టు మీద మామిడి. ఒక్కో దారిని ముందుగా నేను ఒంటరిగా పోయి చూసి వస్తాను. చూసింది చూసినట్టు ఒక పుస్తకంలో రాస్తాను. సర్వేయర్లు పొలంలో కొలతలు రాసుకునే పద్ధతిలోనే రాస్తాను. పేజీ కింది నుంచి పైకి రాసుకుంటూ పోవాలి. నడుమ రెండు గీతలు రోడ్డు. ఎడమ పక్క ఉన్నది ఎడమన, కుడి పక్క ఉన్నది కుడిన. పుస్తకాన్ని చేతిలో పట్టుకుని ముందుకు చూస్తే, ఎదురుగా ఉన్న దారీ పేజీలోని దారీ ఒకే దిక్కున సాగుతాయి. కల్వర్టులు, మలుపులు, స్పీడు బ్రేకర్లు, బోరింగులు, గుంటలు పడిన చోట్లు, అన్నీ అందులో ఉంటాయి.

ఒక్క నియమం ఉంది. కదిలేవి, పోయేవి రాయను. సర్వేలో మాకు మొదట నేర్పింది అదే. బావి రాస్తాం, బావి దగ్గర కట్టేసిన ఎద్దును రాయం.

దారిలో మొదటిసారి టీకి ఆగినప్పుడు ఆనాటి పేజీ పైకి చదువుతాను. ఇది ఎలా మొదలైందో గుర్తు లేదు. రెండేళ్లుగా మాత్రం డ్రైవరన్నే గుర్తు చేసి మరీ చదివించుకుంటున్నాడు. ఒకసారి చదివితే ఆయనకు చాలదు. కళ్లు మూసుకుని వింటాడు, రెండోసారి చదవమంటాడు, అప్పుడు తలూపుతాడు. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి నా రాతను అంత శ్రద్ధగా వింటున్నాడంటే నాకు లోపల సంతోషంగా ఉండేది. ఈ సంతోషం సంగతి దాచడం న్యాయం కాదు. తర్వాత జరిగిన దానిలో దానికీ భాగం ఉంది.

ఆ ఆదివారం కాణిపాకంలో ఆగాం. దర్శనానికి వచ్చిన బస్సులు అప్పటికే బారులు తీరి ఉన్నాయి. గుడి వీధికి ఇవతల మేము ఎప్పుడూ కూర్చునే కొట్టులో ఇడ్లీ తిని, టీ చెప్పి, పుస్తకం తీశాను. కార్తీకంలో నేను పోయి రాసుకొచ్చిన దారి అది.

“ఐరాల దాటినాక కుడికి మలుపు. ఆడ బ్రేకరు ఒకటి, రంగు పుయ్యలేదు. తర్వాత కల్వర్టు, ఎడమ పక్క గోడ విరిగింది. ఆడినుంచి మిట్ట. మిట్ట మీద కుడి పక్క బోరింగు, నీళ్లు మంచివి. ఆడినుంచి పల్లం. రెండు మలుపులు. రెండోది ఎడమకి, గట్టి మలుపు. అది దాటినాక తిన్నని రోడ్డు, చెరువు కట్ట దాకా. అడ్డం ఏమీ లేదు.”

“ఆ పల్లం కాడినుంచి ఇంగొకసారి సదువు,” అన్నాడు డ్రైవరన్న.

చదివాను.

“తిన్నని రోడ్డంటివే, ఎంత దూరం?”

“ముక్కాలు మైలు ఉంటాదన్నా.”

“అడ్డం ఏమీ లేదు?”

“లేదు.”

“గుంటలు?”

“కొత్తగా తారు ఏసినారు. నున్నగా ఉండాది.”

నగరాయన టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు. “ఏందన్నా, పరీచ్చకు పొయ్యే పిలకాయ మాదిరి కంఠస్తం సేస్తా ఉండావు? సర్వేయరప్ప మార్కులేస్తాడా ఏంది?”

“నీకేమప్పా, గేర్లుండాయి. మాకు తెలుసుకోని పోవల్ల.”

“ఆ పక్కకు ఏనుగులు దిగతా ఉండాయంట. అది రాసినావా సర్వేయరప్పా?”

“ఏనుగు ఉండిన సోట ఉండదు. ఉండేటివే నేను రాసేది.”

“అట్లయితే నన్ను గూడా రాయవన్నమాట. మా యింటామె సేత రోజుకు నాలుగు సోట్ల తిరగతా ఉండానే,” అన్నాడు. కొట్టులోవాళ్లు కూడా నవ్వారు. డ్రైవరన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు ఆయన నవ్వింది అదొక్కసారే.

ఐరాల దాకా మామూలు వరుసలోనే పోయాం. ముందు నగరాయన, పసుపు చొక్కా. నడుమ డ్రైవరన్న. వెనక నేను. వరుస ఎప్పుడూ అదే, నగరాయన రాని రోజు ముందు నేను. ఎందుకలా అని నేను ఏనాడూ అడగలేదు. గేర్ల సైకిలు ముందు పోవడం సహజమే అనుకున్నాను. రంగు పూయని బ్రేకరు దగ్గరికి రాగానే డ్రైవరన్న సరిగ్గా సమయానికి వేగం తగ్గించాడు. కల్వర్టు దగ్గర కుడికి జరిగాడు. వెనకనుంచి చూస్తూ, నా పేజీ ఎంత బాగా పని చేస్తోందో అని మనసులో అనుకున్నాను.

మిట్ట మీదకు సైకిళ్లు తోసుకుంటూ ఎక్కాం. మంచు విడిపోయి ఎండ వచ్చింది. కొండ వాలున సీతాఫలం చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి. కింద దూరంగా ఒక ట్రాక్టరు శబ్దం. బోరింగు దగ్గర నీళ్లు తాగాం. అక్కడే నగరాయన సైకిలు గొలుసు ఊడింది. గేర్ల సైకిలు కదా, మామూలు గొలుసులా చేత్తో ఎక్కించి తొక్కితే కుదరదు. ఆయన సైకిలును తలకిందులు చేసి కూర్చున్నాడు.

“మీరు పోతా ఉండండప్పా, నేను ఎనకాల్నే బిరీన వొస్తా. సెరువు కట్ట కాడ నిలబడండి,” అన్నాడు.

అలా ఆ రోజు మొదటిసారి డ్రైవరన్న ముందు పడ్డాడు. నేను కాస్త ఎడంగా వెనక. రెండు మలుపులూ ఆయన దిగిన తీరు చూడవలసిందే. రెండో మలుపుకు ముందే బ్రేకు నొక్కి, ఒళ్లు లోపలికి వంచి, బస్సును తిప్పినంత నిదానంగా తిప్పాడు. మలుపు దాటగానే తిన్నని రోడ్డు. ఆయన రెండు బ్రేకులూ వదిలేశాడు.

రోడ్డు మధ్యలో ఉలవ పంట పరిచి ఉంది. మా ప్రాంతంలో ఇది మామూలే. ఉలవ కోసి, కట్టెతో, అంటే ఎండిన తీగతో సహా తారురోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. పంట చెదిరిపోకుండా అంచుల్లో అక్కడక్కడ రాళ్లు పెడతారు. ఈ కుప్ప మోకాలెత్తు ఉంటుంది. రోడ్డులో సగానికి పైగా ఆక్రమించి, కుడి పక్క ఒక బండి పోయేంత సందు వదిలారు. నల్లటి తారు మీద లేత గోధుమ రంగు. నాకు అంత దూరం నుంచే కనబడింది. ఆయన సందులోకి తిరుగుతాడని చూస్తున్నాను. తిరగలేదు. తిన్నగా పోతున్నాడు. అప్పుడు అరిచాను, “అన్నా, ఉలవలు!” అని. ఆ మాటకు ఆయన బ్రేకు పట్టాడు గాని, అప్పటికే ముందు చక్రం రాయిని కొట్టింది. సైకిలు అక్కడే ఆగింది, మనిషి కుప్ప మీదకు పడి, అవతలి అంచున ఉన్న తారు మీదకు జారాడు.

నేను దిగి పరుగెత్తేసరికి ఆయన లేచి కూర్చున్నాడు. మోచేయి చర్మం లేచిపోయింది. కింది పెదవి తెగింది. పంచె మీదంతా ఉలవ పొట్టు. చేతులు రెండూ ముందుకు చాచి, తడుముతున్నట్టు కదిలిస్తున్నాడు. కళ్లద్దాల కోసమేమో అనుకుని చూశాను. అద్దాలు ముఖం మీదే ఉన్నాయి.

చేనులోంచి ఒక ఆడమనిషి కొడవలి చేతబట్టుకుని గట్టెక్కి వచ్చింది. ఆమె వెనక ఆమె భర్త.

“ఏంది సామీ, ఇంత రోడ్డు ఉండాదే, పక్కన పోగూడదా? బస్సులే సూసుకోని పోతా ఉండాయి! కట్టెంతా సెదరగొడితివే!”

“ఊరుకోమే, ముసిలాయన పడినాడు,” అన్నాడు భర్త.

“పడినాడని నేను గూడా సూస్తా ఉండా. ఎందుకు పడల్ల అంట? పట్టపగులు, మలుపు కాడినుంచే కనపడతా ఉండాదే.”

డ్రైవరన్న ఆమె వైపు తిరగలేదు. నా గొంతు వినబడిన దిక్కుకు తిరిగి, నెమ్మదిగా, ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా కాదు, అర్థం గాక అడుగుతున్నట్టు అన్నాడు.

“నువ్వు సెప్పలేదు కదబ్బా. అడ్డం ఏమీ లేదంటివి.”

ఆమె కొడవలి నేలకు దించింది. “రోడ్డు మీద ఉలవలుంటే ఒకరు సెప్పల్నా సామీ? కండ్లకు కనపడ్లా?” అంది. తిట్టు కాదది. నిజంగానే అడిగింది.

ఆయన పంచె మీది పొట్టు దులుపుకుంటున్నాడు. నాకు మాత్రం అక్కడికక్కడే, ఆ ఎండలో నిలబడి ఉండగానే, రెండేళ్ల ఆదివారాలు ఒక్కొక్కటిగా తిరగబడ్డాయి. రెండుసార్లు చదివించుకోవడం. కళ్లు మూసుకుని వినడం. పసుపు చొక్కా వెనకే పోవడం. ఒక్కటీ నా రాత మీద గౌరవం కాదు.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది, పైట చెంగు తడిపి ఆయన పెదవి తుడవమని నాకు సైగ చేసింది, మళ్లీ తనే తుడిచింది. వాళ్లిద్దరూ చెదిరిన కట్టెను సర్దుతుంటే, నేను ఆయన్ని రోడ్డు పక్కన మామిడి తోట గట్టు మీద కూర్చోబెట్టాను.

“ఎన్నాళ్లన్నా?”

అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు. “నడుమ కనపడదు. పక్కలు కనపడతాయి. నీ మొగం దిక్కు సూస్తే మొగం ఉండేకాడ పొగ. నీ సెవులు కనపడతా ఉండాయి.” ముఖం పక్కకు తిప్పాడు. “ఇట్ల తిరిగితే నువ్వు కనపడతావు. రవ్వంత.”

“డాకటరుకు సూపిచ్చినావా?”

“తిరపతికి పొయ్యి సూపిచ్చుకున్నా. ఒంటిగానే పొయ్యినా. కంటి ఎనక పొర ఎండిపొయ్యిందంట. పోయింది రాదు, ఉండేది నిలబెట్టుకోమన్నాడు. బండి తోలద్దన్నాడు. సైకిలు బండి గాదు కదా అనుకుంటి.”

“వదినకు?”

“సెప్పలా.”

నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆయన మీదో నా మీదో ఇప్పుడు కూడా తేల్చి చెప్పలేను.

“ఘాటులో బస్సు తోలినోడివి, నీకు తెలీదా ఇది ఎంత ప్రమాదమో?”

“తెలుసు కాబట్టే నీ పుస్తకం అడిగినా. నీ పుస్తకం ఉంటే నాకు కండ్లతో పని ల్యా అనుకుంటి. ఇన్నాళ్లూ ఒక్క తప్పు ల్యా. బ్రేకరంటే బ్రేకరు, గుంటంటే గుంట. నువ్వు రాసిందంతా ఆడ ఉండింది.” కాస్త ఆగి, “రాయంది గూడా ఉంటాదని నేను అనుకోలే,” అన్నాడు.

నేను కార్తీకంలో చూసిన రోడ్డు అది. అప్పుడు ఉలవ పూత మీద ఉంది, చేనులోనే ఉంది. ఒకవేళ కోత రోజుల్లోనే పోయి చూసినా రాసేవాణ్ణి కాదు. నా నియమం నాకు గట్టిది. ముప్పై ఏళ్లుగా కదలని వాటిని మాత్రమే రాసే అలవాటు ఉన్నవాడు, రెండేళ్లుగా కదలని వాటిని మాత్రమే నమ్ముకున్న ఒక మనిషికి దారి చూపిస్తున్నాడు. ఆ సంగతి ఇద్దరిలో ఒకరికే తెలుసు.

నగరాయన గొలుసు ఎక్కించుకుని దిగి వచ్చాడు. కుప్పనూ, మమ్మల్నీ చూశాడు.

“అయ్యయ్యో! ముప్పై ఏండ్లు బస్సు తోలి, గుర్రం మేతలో పడినావా అన్నా? నేను లేకపోతే ఇదే మీ బతుకు.” దగ్గరికి వచ్చి రక్తం చూసి గొంతు తగ్గించాడు. “ఏం సర్వేయరప్పా, మొగం అట్ల పెట్టినావు? దెబ్బ పెద్దదా?”

“పెద్దది గాదు,” అన్నాడు డ్రైవరన్న నా కంటే ముందే. “జారింది. అంతే. పోదాం పాండి. సైకిలెక్కి వచ్చినా, సైకిలెక్కే పోతా.”

“వద్దు,” అన్నాను.

“ఏం వద్దు?”

“ఎక్కొద్దన్నా. నేను సెప్తా ఉండా.”

ఆయన్ని నేను అంత గట్టిగా ఎన్నడూ అనలేదు. నగరాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “ఊరికే ఉండన్నా, మోచేయి సూడు ఎట్ల ఉండాదో, హ్యాండిలు ఎట్ల పట్టుకుంటావు?” అని నా పక్షం చేరాడు, కారణం తెలియకుండానే.

పొద్దున పాలు దించి చిత్తూరుకు తిరిగి పోతున్న వ్యాను ఒకటి వస్తే చేయి చూపించాం. ఖాళీ క్యాన్ల పక్కన డ్రైవరన్న సైకిలూ నాదీ ఎక్కించాం. నగరాయన మాత్రం తన సైకిలు మీదే వస్తానన్నాడు. వ్యాను వెనక క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగుతుంటే, వాటి మధ్య మేమిద్దరం కూర్చున్నాం. ఆ మోతలో మా మాటలు ముందు కూర్చున్నవాళ్లకు వినబడవు.

“వానికి సెప్పొద్దు. వాడికి సెప్తే చిత్తూరంతా ఇంటాది,” అన్నాడు.

“నగరాయనకు సెప్పను. వదినకు సెప్పల్ల.”

“వద్దబ్బా.”

“అన్నా, సాయంత్రం పూట మనవరాలిని టూషనుకు ఎవురు తీసకపోతారు?”

ఆయన ముఖం పక్కకు తిప్పి నన్ను చూశాడు.

“ఆ వీధులు నాకు తెలుసు. కండ్లు మూసుకోని పోతా.”

“వీధి తెలుసు నీకు. వీధికి అడ్డం ఎవురొస్తారో తెలీదు కదా.”

క్యాన్లు మోగుతున్నాయి. కాణిపాకం గోపురం దాటింది. జనం, పూల దుకాణాలు, ఆటోలు. అవన్నీ ఆయనకు ఎలా కనబడుతున్నాయో నాకు తెలియదు. మోచేతికి కట్టిన నా తువ్వాలును వేళ్లతో సరి చేసుకుంటూ అన్నాడు.

“బస్సెక్కి కూర్చుంటే డ్రైవరు గేరు మార్చేది ఇంటా ఉంటా. తప్పు మారిస్తే నా కాలు కింద నొక్కుతాది. అంత తెలుస్తాది నాకు. ఈ సైకిలు తీసేస్తే ఇంగ వాకిట్లో కుర్చీ. అంతే సర్వేయరూ. తెల్లారితే కుర్చీ, పొద్దుగూకితే కుర్చీ.”

ఆయన చెప్పింది నిజం. ఆ సైకిలు ఆయనకు వ్యాయామం కోసం ఉన్నది కాదు. సంతకు, మందుల షాపుకు, స్నేహితుల ఇళ్లకు, ఎవర్నీ అడగకుండా పోయి రావడానికి ఆయనకు మిగిలింది అదొక్కటే. నాకు కూడా ఆదివారాలు ఆయనతోనే. నగరాయన లేని ఆదివారాలు గడిచాయిగాని, డ్రైవరన్న లేనిది ఒక్కటీ లేదు. ఇది చెప్పేస్తే నేను పోగొట్టుకునేదేమిటో కూడా లెక్క చూసుకున్నాను. ఆ లెక్క ఎంతకీ ఒక పక్కకు తేలలేదు. వెనక క్యారియరు మీద కూర్చుని తాత నడుము పట్టుకుని పోయే తొమ్మిదేళ్ల పిల్ల గుర్తొచ్చినప్పుడు మాత్రం తేలింది.

“రేపు పొద్దున దాకా నీకు టైమన్నా. నువ్వే సెప్పు. నువ్వు సెప్పకపోతే నేనొచ్చి సెప్తా,” అన్నాను.

ఆయన తలూపలేదు. తల అడ్డంగా కూడా ఊపలేదు.

ఆ సాయంత్రం ఆయన ఇంటి వైపు నుంచి సైకిలు బెల్లు వినబడుతుందేమోనని ఐదు గంటల దాకా మా గేటు దగ్గరే నిలబడ్డాను. ఆ రోజు ఆదివారమని, ట్యూషను లేదని తర్వాత గుర్తొచ్చింది.

లోపలికి వచ్చి పాత డైరీలు తీశాను. రెండేళ్ల పేజీలు తిరగేశాను. “డ్రైవరన్న పేజీ రెండుసార్లు చదివించుకున్నాడు. మెచ్చుకున్నాడు.” ఇలాంటివి చాలా చోట్ల ఉన్నాయి. మెచ్చుకున్నాడన్న మాట ఆయనది కాదు, నాది. ఒక చోట, “కూరగాయల సంతలో ఎదురుపడ్డాడు. పలకరిస్తే తప్ప చూడలేదు. నా మీద ఏదో కోపం ఉంది.” ఆ తర్వాత వారం రోజులు నేను వాళ్లింటికి పోలేదు. అది కూడా రాసి ఉంది. “ఈ వారం డ్రైవరన్న ఇంటికి పోలేదు” అని. కారణం అడగకుండా వారం రోజులు కోపంతో ఉన్నానని, ఎదుటి మనిషికి నా ముఖం ఉండే చోట పొగ తప్ప ఏమీ కనబడలేదని, ఆ పేజీకి తెలియదు. నాకూ తెలియదు. అన్నీ తేదీలతో సహా రాశాను. చూసింది రాశాను. చూడవలసింది మాత్రం చూడలేదు.

మరునాడు, సోమవారం, ఆరున్నరకు వాళ్లింటికి పోయాను. డ్రైవరన్న వాకిట్లో కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. మోచేతికి తెల్ల కట్టు. వదిన కాఫీ తెచ్చింది.

“రా అబ్బా. సూడు మీ అన్న ఏం సేసుకోని వచ్చినాడో. ఉలవల మీద జారినాడంట. ఈ వయసులో ఈ సైకిలెందుకని నేను మొత్తుకుంటానే ఉండా, ఇంటాడా?”

జారినాడంట. అంతవరకే చెప్పాడు.

కాఫీ చేతిలో పట్టుకుని ఆయన వైపు చూశాను. ఆయన ముఖం పక్కకు తిప్పాడు. నన్ను చూడడానికే తిప్పాడని ఇప్పుడు నాకు తెలుసు.

“అన్నా, నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?”

“ఏంది సెప్పేది?” అంది వదిన.

ఆయన కుర్చీ చేతులు పట్టుకున్నాడు. “నువ్వే సెప్పబ్బా. నాకు నోరు రాలేదు రాత్రంతా.”

నిలబడే చెప్పాను. కంటి పొర సంగతి, తిరుపతి డాక్టరు బండి తోలొద్దన్న సంగతి, ఐరాల దారిలో జరిగింది. ఎక్కువా తక్కువా చేయకుండా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కఠినంగా వినబడింది. వదిన గడప మీద కూర్చుండిపోయింది.

“ఎన్నాళ్లుగా?”

“రెండేండ్లు,” అన్నాడు ఆయన.

“రెండేండ్లుగా నా మొగం సూడకుండానే నాతో మాట్లాడతా ఉండావా?”

ఆయన మోచేతి కట్టును వేళ్లతో తడుముకున్నాడు.

“దినామూ బిడ్డను ఎనక కూర్చోబెట్టుకోని పోతివే.”

ఆమె ఏడవలేదు, అరవలేదు. లేచి, గోడకు ఆనించి ఉన్న సైకిలు దగ్గరికి పోయింది. మనవరాలు కూర్చోవడానికి వెనక క్యారియరు మీద ఒక చిన్న దిండు కట్టి ఉంది. దాని తాడు ముళ్లు ఒక్కొక్కటీ విప్పింది. తాడు బిగుసుకుపోయి ఉంది, వేళ్లకు లొంగలేదు. పంటితో లాగి విప్పింది. దిండును చంకన పెట్టుకుని లోపలికి పోయి, వట్టి చేతులతో తిరిగి వచ్చింది.

“ఈ సైకిలు మీ ఇంటికి తీస్కపో అబ్బా. కండ్ల ముందర ఉంటే ఎక్కుతాడు,” అంది. కండ్ల ముందర అన్నాక ఒక్క క్షణం ఆగింది. మళ్లీ లోపలికి పోయింది.

తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. అడగకుండానే తీసి ఇచ్చాడు. నేను అక్కడ ఏదైనా మాట చెప్పి ఉండాల్సింది. రోజూ వచ్చి కూర్చుంటాననో, కలిసి నడుద్దామనో. అవన్నీ తర్వాత తోచాయి. అప్పుడు నోటికి రాలేదు. స్టాండు తీసి సైకిలును గేటు దాకా నడిపించాను.

“సర్వేయరూ,” అని వెనకనుంచి పిలిచాడు.

ఆగాను.

“ఎండలో పెట్టొద్దు. వారానికొక తూరి గాలి కొట్టు. నిలబడిపోతే టైర్లు పగుల్తాయి.”

సరేనన్నా అని, ఎక్కకుండా, పక్కనే నడుచుకుంటూ దాన్ని మా ఇంటికి తీసుకుపోయాను.